ఎనిమిది బెల్‌బాటం ప్యాంట్ల వెంట సూళ్లూరుపేట దాకా

నవంబరు నెల మూడవ శనివారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు చిత్తూరు బస్టాండులో తిరుపతి బస్సు ఎక్కాము. ఆకాశం నాలుగింట మూడు వంతులు మబ్బు పట్టి ఉంది. సన్నని తుంపర తొమ్మిది నిమిషాలు కురిసి నిలిచిపోయింది. బస్టాండు ఎదుటి మందుల దుకాణం గోడకు వేలాడే ఉష్ణమాపకం ఇరవై ఆరు డిగ్రీలు చూపింది. అది సరైనదో కాదో పరీక్షించే అవకాశం నాకు లేదు.

మేము ఇద్దరం. నా వయసు డెబ్బై నాలుగు. తూనికలు, కొలతల శాఖలో ముప్పై మూడు సంవత్సరాలు ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. నా పక్కన కూర్చున్న ఖాదర్ బాషాకు డెబ్బై రెండు. చిత్తూరులో బట్టల అంగడీ, కుట్టు పనీ కలిపి నడుపుతున్నాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అతని మీటరు కడ్డీని తనిఖీ చేసినప్పుడు మా పరిచయం మొదలైంది. కడ్డీ రెండు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంది. తక్కువ ఉంటే కేసు పెట్టాలని నాకు తెలుసు. ఎక్కువ ఉంటే ఏమి చేయాలో తెలియక నియమావళి తెరిచి అక్కడే గంటసేపు కూర్చున్నాను. అతను టీ తెప్పించాడు. టీ డబ్బులు నేనే ఇచ్చాను.

మా గమ్యం సూళ్లూరుపేట దాటాక జాతీయ రహదారి పక్కన ఆ రాత్రే కొత్తగా తెరవబోతున్న ఒక బారు. పాతకాలపు డిస్కో పద్ధతిలో అలంకరించిన నృత్యశాల కూడా అందులోనే ఉందని చెప్పారు. నేను బారులోకి వెళ్ళినదల్లా తనిఖీకే. బాషా ఆ పని మీద కూడా వెళ్ళలేదు, మద్యం ముట్టని మనిషి. అలాంటి ఇద్దరు ముసలివాళ్ళు నూట ఎనభై కిలోమీటర్లు ఎందుకు వెళ్ళారో ముందే చెప్పడం న్యాయం.

ఆ బారులో వడ్డించే ఎనిమిది మందికి బెల్‌బాటం ప్యాంట్లు కావలసి వచ్చాయి. అలాంటివి కుట్టిన చేయి ఇంకా పనిచేస్తున్నది చిత్తూరులో ఒక్కటేనని ఎవరో చెప్పగా, మేనేజరు కొలతలు కాగితం మీద రాయించి ఫోనులో ఫోటో పంపాడు. బాషా మెరూన్ రంగు గుడ్డతో ఎనిమిదీ కుట్టి బస్సు పార్సిలులో పంపేశాడు. అంతటితో ముగిసిపోవలసిన వ్యవహారం అది. కాని గడచిన రంజాను పండుగ నాడు బాషా కుట్టిన ఒక ప్యాంటు, తొడుక్కున్నవాడు ఈద్గాలో నమాజుకు వంగినప్పుడు, సీటు దగ్గర విడిపోయింది. యాభై ఏళ్ళ పనిలో అలా జరగడం అదే మొదటిసారి. అప్పటి నుంచి అతని కూతురు నస్రీన్ తండ్రి చూపు తగ్గిందనీ, కుట్టు నిలవడం లేదనీ, అంగడి మూసి ఇంట్లో కూర్చోమనీ అంటున్నది. ఆమె జిరాక్సు మిషను అత్తగారి వరండాలో జల్లుకు తడుస్తున్నది. అంగడి ఖాళీ అయితే దానికి చోటు దొరుకుతుంది.

బయలుదేరే ముందు రోజు ఇద్దరూ నా ఇంటికి వచ్చారు.

"పెదనాయనా, మీరు లెక్కల మనిషి. మీ మాటే ఖాయం," అన్నది నస్రీన్. "ఆ ఎనిమిది ప్యాంట్లు యెగిరేదానికి వాడేవి. ఈయన కుట్టు నిలిస్తే ఇంక నేను నోరెత్తను. ఒగటి ఊడినా తాళంచెవి నాకియ్యాల."

"ఇస్తా. కుట్టు ఊడే టైలరుకు అంగడి ఎందుకు?" అన్నాడు బాషా. అతని గొంతులో కోపం లేదు. ఈద్గా సంగతి జరిగినప్పటి నుంచి తన చేతి మీద తనకే నమ్మకం సడలిందని నాకు తెలుసు. కుట్టిన ప్రతి ప్యాంటునూ రెండుసార్లు తిరగేసి చూస్తున్నాడని నస్రీనే చెప్పింది.

షరతు రెండు వాక్యాలలో రాశాను. ఒక్కో ప్యాంటుకు ప్రధానమైన కుట్లు ఐదు: పక్కలకు రెండు, లోపలి కాళ్ళకు రెండు, సీటుకు ఒకటి. ఎనిమిది ప్యాంట్లకు నలభై. "ఖాదర్ బాషా వేసిన ఈ నలభై కుట్లలో ఒక్కటి విడిపోయినా అంగడి నస్రీనుకు అప్పగించవలెను. తనిఖీదారు లెక్కయే అంతిమము." ఇద్దరూ సంతకాలు చేశారు. నేను నలభై గళ్ళున్న కాగితం ఒకటి తయారు చేసుకున్నాను.

బస్సు ఒంటిగంట పది నిమిషాలకు తిరుపతి చేరింది. వృద్ధుల రాయితీకి ఆధార్ కార్డు అసలుదే చూపాలి. కండక్టరు నా కార్డు చూసి, ముఖం చూసి, మళ్ళీ కార్డు చూశాడు. బస్టాండు వెనక మెస్సులో భోజనం చేశాము. బాషా నా పళ్ళెం వైపు చూసి, "మీరు తిన్నాక మీ నడుము పావు అంగుళం కూడా పెరగదు సార్. మీకు ప్యాంటు కుట్టడం సులువు," అన్నాడు. వృత్తికి సంబంధించిన వ్యాఖ్యగా దానిని స్వీకరించాను.

రెండు గంటల పదిహేను నిమిషాలకు సూళ్లూరుపేట బస్సు. కిటికీ వైపు సీట్లు కావాలంటే ఇరవై నిమిషాలు ముందుగా వెళ్ళడం మంచిది. శ్రీకాళహస్తి మూడుంబావుకు వచ్చింది. నాయుడుపేటలో ఏడు నిమిషాలు ఆగింది. అక్కడ ఎక్కిన ఒకావిడ, శ్రీ సిటీలో ఫ్యాక్టరీ ఉద్యోగమట, మెడలో గుర్తింపు కార్డు ఉంది. మమ్మల్ని ఎక్కడికని అడిగింది. బాషా ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆమె కొంతసేపు ఆలోచించి, "మా లైనులో ఆడపిల్లలు కూడా పోవాలనుకుంటాండారు తాతా. చూసి, బాగుండాదో లేదో చెప్పండి," అని నా నంబరు తీసుకుంది.

నాలుగు గంటల యాభై నిమిషాలకు సూళ్లూరుపేటలో దిగాము. బస్టాండుకు నూట నలభై అడుగుల దూరంలో ఒక లాడ్జి ఉంది. రెండు మంచాల గది, దుప్పట్లు శుభ్రం, కుళాయి నుంచి నిమిషానికి సుమారు మూడు లీటర్లు వస్తుంది. బాషా దగ్గరి మసీదులో సూర్యాస్తమయపు మగ్రిబ్ నమాజు చేసి వచ్చాడు. ఆరు గంటల ముప్పై ఐదు నిమిషాలకు ఆటో మాట్లాడుకుని, పదిహేడు నిమిషాలలో బారు ముందు దిగాము.

బారు మొదటి అంతస్తులో ఉంది. తలుపు దగ్గర నల్లచొక్కా మనిషి మమ్మల్ని ఆపి, "పెద్దాయనా, టిఫిను కింద," అన్నాడు. మేనేజరు పేరు చెప్పగా లోపలికి పంపుతూ మణికట్టు మీద మెరిసే సిరాతో ముద్ర వేశాడు. బాషా ఆ ముద్రను గట్టిగా రుద్ది, "రాత్రి ఇషా నమాజుకు ముందర ఇది పోతాదా అప్పా?" అని అడిగాడు. ఆ మనిషి సిరా సీసా తిప్పి దాని మీది చీటీ చదివాడు. సబ్బుతో పోతుందని చివరికి చెప్పాడు. పోయింది, రెండుసార్లు రుద్దితే.

లోపలి వివరాలు వెళ్ళదలచిన వారికి ఉపయోగపడవచ్చు. హాలు సుమారు అరవై అడుగుల పొడవు, ముప్పై రెండు వెడల్పు. మధ్యలో నేలకు అరవై నాలుగు వెలుగు గళ్ళు, వాటిలో రెండు వెలగలేదు. పైకప్పుకు అద్దపు ముక్కలు అతికించిన గోళం ఒకటి నిమిషానికి మూడు చుట్లు తిరుగుతుంది. దాని మీది అద్దాలు లెక్కపెట్టడానికి మూడుసార్లు ప్రయత్నించి, గోళం ఆగనందున విరమించుకున్నాను. గోడల మీద పాత రేడియోలు, గ్రామఫోను పెట్టెలు, ఒక లాంబ్రెట్టా స్కూటరు ముందుభాగం మేకులతో బిగించి ఉన్నాయి. పాటలన్నీ పాతవే, హిందీ, తెలుగు కలిపి. గడియారం పెట్టి చూస్తే నిమిషానికి నూట పద్దెనిమిది దెబ్బలు పడుతున్నాయి. నా నాడి ఎనభై నాలుగు.

మద్యం కొలిచే గ్లాసు చూపమని బల్ల వెనక కుర్రవాడిని అడిగాను. అడుగున ప్రభుత్వ ముద్ర ఉంది, ఈ సంవత్సరానిదే. నిమ్మకాయ సోడాలు రెండు చెప్పి కూర్చున్నాము.

ఏడు గంటల పది నిమిషాలకు ఎనిమిది మంది బయటికి వచ్చారు. మెరూన్ ప్యాంట్లు, మెరిసే చొక్కాలు, భుజాల దాకా విగ్గులు. బాషా ముఖాలను చూడలేదు. మోకాళ్ళ దగ్గర మొదలై నేల వరకు విచ్చుకునే ఆ గుడ్డనే చూశాడు. నడుస్తుంటే ప్యాంటు అడుగుభాగం ముందు ఊగి, తర్వాత కాలు కనిపిస్తున్నది.

"సూడండి సార్, సూడండి," అన్నాడు.

పక్క టేబులు దగ్గర కూర్చున్న ఫ్యాక్టరీ సూపర్‌వైజరు ఒకరు మా వైపు వంగి, "పెద్దాయనా, మీ కాలంలో ఇట్లాంటివి ఉండేవా?" అని అడిగారు.

"ప్యాంటు ఉండేది, ఈ లైట్లు లేవు," అన్నాడు బాషా. "కొత్త ప్యాంటు తొడుక్కొని బజారు వీధి ఆ కొసకు పోయి వచ్చేవాళ్ళం. అదే మా డాన్సు."

ఎనిమిది గంటల వరకు నా కాగితంలో గళ్ళన్నీ ఖాళీగా ఉన్నాయి. ఆ సమయానికి నలభై ఆరు మంది నృత్యం చేస్తున్నారు. నేను సంతృప్తిగా ఉన్నాను. బాషా మాత్రం స్థిమితంగా లేడు. అతని అంగడిలో ఒక ఆచారం ఉంది. ఏ ప్యాంటూ మూడుసార్లు గొంతుక్కూర్చుని లేవనిదే గడప దాటదు. పెళ్ళికొడుకైనా, పోలీసు అధికారి అయినా అంగడి మధ్యలో కూర్చుని లేవాలి. ఈ ఎనిమిదీ ఆ పరీక్ష లేకుండా పార్సిలులో వచ్చాయి. ఈద్గాలో విడిపోయిన ప్యాంటును కూడా పండుగ హడావుడిలో పరీక్షించకుండానే ఇచ్చాడట. ఆ మాట అతను అప్పటి దాకా ఎవరికీ చెప్పలేదు. పాట నడుమ నా చెవి దగ్గరికి వచ్చి చెప్పాడు.

ఎనిమిది గంటల పన్నెండు నిమిషాలకు అతను లేచి, వెలుగు గళ్ళ మీదుగా నడిచి, ఆ ఎనిమిది మందిలో సుధాకర్ అనే కుర్రవాడిని పట్టుకున్నాడు. ఇతనిది నాయుడుపేట. చేతిలో ఆరు గ్లాసుల ట్రే ఉంది.

"ఆ తట్ట ఆడ పెట్టు నాయనా. ఒకసారి గొంతుక్కూర్చో."

"ఇప్పుడా తాతా?"

"ఇప్పుడే. మూడు మార్లు. కుట్టినోణ్ణి నేను."

సుధాకర్ కూర్చుని లేచాడు. ఎదురుగా బాషా కూడా, ఎలా కూర్చోవాలో చూపిస్తూ, కూర్చుని లేచాడు. పాటలు వేసే డీజే పైనుంచి ఇది చూసి, మైకులో "తాత స్టెప్పు! అందరూ తాత స్టెప్పు!" అని అరిచాడు. మేనేజరు మిగిలిన ఏడుగురినీ ముందు వరుసకు తోశాడు. రెండవసారికి హాలులో యాభై రెండు మంది గొంతుక్కూర్చున్నారు, నిమిషానికి నూట పద్దెనిమిది దెబ్బల పాటకు. ఇది పరీక్ష అని వారిలో ఎవరికీ తెలియదు.

మూడవసారి లేచేటప్పుడు "టప్" మని ఒక శబ్దం, వెంటనే మరి రెండు. సుధాకర్, అతని ఇరువైపులా ఉన్న ఇద్దరు, ఒకేసారి చేతులు వెనక్కి పెట్టుకున్నారు. నస్రీన్ షరతు ప్రకారం ఒక్క శబ్దం చాలు. బాషా నిలువునా ఆగిపోయాడు. వెలుగు గళ్ళు అతని తెల్ల లాల్చీని ఎర్రగా, పచ్చగా, నీలంగా మార్చాయి. అతను నా వైపు చూసి మూడు వేళ్ళు ఎత్తాడు.

నేను ఏమీ రాయలేదు. పరిశీలించనిది రాయడం నా వృత్తిలో లేదు.

వంటింటి పక్క నడవలో ట్యూబులైటు కింద ముగ్గురినీ నిలబెట్టాము. టార్చి నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. ముగ్గురికీ ఒకే చోట, నడుము వెనక నుంచి సీటు మధ్యకు దిగే కుట్టు విడిపోయింది. కాని ప్యాంటు చినగలేదు, వదులై జారుతున్నది, అంతే. లోపలికి తిప్పి చూస్తే తెగిన దారం తెల్లది. దానికి ముప్పావు అంగుళం అవతల, అంచు వైపు, మెరూన్ దారంతో వేసిన జోడు కుట్టు పై నుంచి కింది వరకు చెక్కు చెదరకుండా ఉంది.

"ఈ తెల్లదారం ఎవరిది?" అన్నాను.

"నాకు నడుం శానా లూజు సార్," అన్నాడు సుధాకర్. "అందరికీ లూజే. నిన్న సూళ్లూరుపేటలో ఒకాయన దగ్గిర లోపలికి పట్టిచ్చినాము. నైటుకే కావాలంటే ఆయన ఒంటి కుట్టు వేసిచ్చినాడు."

"అందరికీ ఎంత లూజు?"

"ఒకటిన్నర అంగుళం."

ఎనిమిది మందికీ సరిగ్గా ఒకే తేడా ఉంటే అది చేతి పొరపాటు కాదు. నేను బాషా వైపు చూశాను. అతను గోడకు ఆనుకున్నాడు.

"అది నేను కలిపినదే సార్. నా చేత్తో కొలవని నడుముకు ఒకటిన్నర కలుపుతా. కొలత ఎవురైనా ఉత్త కడుపుతో ఇస్తారు, ప్యాంటు తొడుక్కొనేది సంగటి తిన్నాక. సంగటి ముద్ద దిగితే ఒకటిన్నర పెరుగుతాది. మా నాయన నేర్పినాడు."

"మేము డ్యూటీలో తినం తాతా," అన్నాడు సుధాకర్. "పదకొండున్నరకు అంతా అయిపోయినాక తింటాము. అంతవరకూ టీనే."

బాషా సంచిలో నుంచి సూదీ, మెరూన్ దారపు ఉండా తీసి, ఖాళీ సీసాల పెట్టె మీద కూర్చున్నాడు. "ముందర తినండప్పా," అన్నాడు. "కడుపు నిండినాక కొలిచి కుడతా. మీరు తినక ముందు నేను కొలవను."

మేనేజరు నెల్లూరు మనిషి. ముప్పై ఏళ్ళుంటాయి. హాలులో గ్లాసులు ఎత్తేవాళ్ళు లేరని చెమటలు కక్కుతూ వచ్చాడు. "పదకొండున్నరకు గదా వీళ్ళ భోజనం!" అన్నాడు.

"ప్యాంట్లు ఎన్నింటి దాకా నిలవాల?" అని అడిగాడు బాషా.

మేనేజరు ముగ్గురి చేతులూ ఎక్కడున్నాయో చూశాడు. ఎనిమిది గంటల యాభై నిమిషాలకు, నలుగురు చొప్పున రెండు వరుసలలో, అన్నమూ కోడికూరా వడ్డించారు. తినక ముందు ఒకసారి, తిన్న తర్వాత ఒకసారి, ఎనిమిది నడుములూ నేనే టేపు పెట్టి కొలిచాను. మొత్తం పెరుగుదల ఆరు అంగుళాలు, మనిషికి సగటున ముప్పావు.

"ఒకటిన్నర కాదు, ముప్పావు," అన్నాను.

"మీరు కొలిచింది అన్నం సార్," అన్నాడు బాషా, సూది మీది నుంచి తల ఎత్తకుండా. "సంగటి కాదు."

ఆ అభ్యంతరం సమంజసమే. సంగటికి సంబంధించిన అంకెలు నా దగ్గర లేవు.

ఎనిమిది ప్యాంట్లనూ గంటా ఐదు నిమిషాలలో సరిచేశాడు. అతను కుట్టే లోపల నేను ఒక్కొక్కదాన్నీ లోపలికి తిప్పి ఐదు మెరూన్ కుట్లనూ టార్చితో చూశాను. కళ్ళద్దాలు పెట్టుకున్నాడు గాని సూదిలోకి దారం మొదటిసారికే ఎక్కింది. ఎనిమిది సార్లూ మొదటిసారికే. కుట్టినది కుట్టినట్టు ఒక్కొక్కరినీ నడవలో మూడుసార్లు గొంతుక్కూర్చోబెట్టాడు. ఆపై వారు తిరిగి హాలులోకి వెళ్ళారు. మేము పదిన్నర వరకు ఉన్నాము. "తాత స్టెప్పు" మరి నాలుగుసార్లు వేశారు. శబ్దమేదీ రాలేదు. సూపర్‌వైజరు బాషాను కూడా పిలిచారు. అతను ఒకసారి వెళ్ళి, కూర్చుని లేచి, వచ్చేశాడు. మోకాలు పట్టిందన్నాడు.

ఆదివారం ఉదయం ఆరున్నరకు సూళ్లూరుపేటలో బస్సు. తొమ్మిదీ ఐదుకు తిరుపతి. నాలుగేసి ఇడ్లీలు తిని, తొమ్మిదిన్నరకు చిత్తూరు బస్సు పట్టుకున్నాము. ఎండ వచ్చింది. చంద్రగిరి దాకా బాషా రెండుసార్లే నోరు తెరిచాడు. "రాసుకోండి సార్, మూడు అని."

"తెగింది నీ కుట్టు కాదు."

"కొలత నాది. ఆ పిల్లోళ్ళు ఎప్పుడు తింటారో నేను అడగలా. అడిగుంటే ఆ తెల్లదారం పనే లేదు. తాళంచెవి ఇచ్చేస్తా."

చంద్రగిరి దాటిన ఆరు నిమిషాలకు నస్రీన్ ఫోను చేసింది. బస్సు మోతకు వినబడక స్పీకరు పెట్టాడు. ముందు రెండు వరుసలవారూ, కండక్టరూ విన్నారు.

"నాయనా, ఎన్ని ఊడినాయి?"

"మూడమ్మా," అన్నాడు బాషా.

"సున్న," అన్నాను నేను.

"ఇద్దరూ కూడబలుక్కొని ఒగ లెక్క చెప్పండి. నేను అన్నం పొయ్యి మీద పెట్టి ఉండాను."

తెల్లదారం, మెరూన్ దారం, ఒకటిన్నర అంగుళం, ఎనిమిది నడుములు, ఆరు అంగుళాలు, అన్నీ వరుసగా చెప్పాను. ఈద్గా ప్యాంటును పరీక్షించకుండా ఇచ్చిన సంగతి బాషాయే చెప్పాడు.

"అంటే నాయనా, నీ కుట్టు మీద వాళ్ళందరూ యెగిరినా అది నిలిచిందా?"

"నిలిచిందమ్మా."

"మరి తాళంచెవి నాకెందుకు? షరతు కుట్టు మీద రాసింది, సంగటి మీద గాదు." ఆమె పొయ్యి కట్టేసిన చప్పుడు వినిపించింది. "నా మిషనుకు వరండాలో రేకు వేసుకుంటాలే. నువ్వు బిన్నా రా, లేటు చేయొద్దు. పెళ్ళి ప్యాంట్లు రెండు వచ్చినాయి, కొలతలు కాగితంలో ఉండాయి. తిన్నాక తీసినారో తినకముందర తీసినారో రాయలా."

"ఫోను చేసి అడుగు," అన్నాడు బాషా.

కండక్టరు తన ప్యాంటు సీటు వైపు చేయి పెట్టి చూసుకుని, "మీ అంగడి చిత్తూరులో యాడప్పా?" అని అడిగాడు. బాషా దారి చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు.

వెళ్ళదలచిన వారికి నా అభిప్రాయం: స్థలం శుభ్రం, మద్యం కొలత సరైనది, శబ్దం ఎక్కువ. నాయుడుపేట ఆవిడకు కూడా ఇదే చెప్పాను, వెళ్ళే ముందు ఏదైనా తినమని కలిపి. పదకొండు గంటల ఇరవై ఐదు నిమిషాలకు చిత్తూరులో దిగి, బస్టాండులోనే నిలబడి కాగితం పూర్తి చేసి, తేదీ వేసి సంతకం పెట్టాను. పరిశీలించిన కుట్లు నలభై. విడిపోయినవి సున్న.